కారు టైరు గాలి చూసుకునే గేజ్: ఏది కొనాలి, ఎంతవరకు నమ్మాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల కార్లు నడిపేవాళ్లు టైరు గాలి గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. మన దగ్గర ఎండ ఎక్కువ, హైవే మీద లోడుతో తిరగడం ఎక్కువ, అయినా గాలి సంగతి మాత్రం బంకు మిషన్ ఏం చూపిస్తే అదే అని వదిలేస్తాం. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగ్గానే రాశాను.

బంకులో ఫ్రీగా గాలి కొడుతుంటే సొంత గేజ్ దేనికి?

రెండు కారణాలు. మీ కారు కంపెనీ ఇచ్చిన అంకె చల్లని టైరుకు ఇచ్చింది. ఇల్లు సుబేదారిలో ఉండి ములుగు రోడ్డు దాకా వెళ్లి గాలి కొట్టించుకుంటే అప్పటికే టైరు వేడెక్కి ఉంటుంది, అక్కడ కనిపించేది మీకు కావాల్సిన అంకె కాదు. ఇక రెండోది, బంకు గేజ్ పొద్దంతా ఎండలో ఉంటుంది, ఎన్నో చేతులు మారుతుంది, రోజుకు ఎన్నిసార్లు కింద పడుతుందో లెక్క ఉండదు. దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో అక్కడ గాలి కొట్టే తమ్ముడికి తెలియదు, అందులో అతని తప్పూ లేదు.

సొంత గేజ్ ఉంటే ఒక పని చేయొచ్చు. వీటన్నిటిలో నాకు బాగా పనికొచ్చేది ఇదే. పొద్దున ఇంటి దగ్గరే నాలుగు టైర్లూ చూసి రాసుకోండి. ముందు కుడి టైరులో 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే అంకె) ఉండాలి, 29 ఉంది, అంటే 4 తక్కువ. బంకుకు వెళ్లాక అక్కడి గేజ్ ఆ టైరుకు 31 చూపించినా 34 చూపించినా పట్టించుకోకండి, అది ఎంత చూపిస్తే దానికి 4 కలిపి కొట్టమనండి. బంకు గేజ్ రెండు ఎక్కువ చూపించే రకమైనా, దారిలో టైరు వేడెక్కినా, ఆ నాలుగు మాత్రం దాదాపు నాలుగే ఉంటుంది. మర్నాడు పొద్దున మీ గేజ్‌తో ఇంకోసారి చూసుకుంటే సరి.

అసలు నా కారుకు ఎంత ఉండాలి?

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, కొన్ని కార్లకు పెట్రోల్ మూత లోపలి వైపు ఉంటుంది. ముందు టైర్లకు, వెనక టైర్లకు, ఇద్దరు కూర్చుంటే, ఫుల్ లోడైతే అని విడివిడిగా రాసి ఉంటుంది. టైరు పక్క మీద అచ్చు పోసిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ కారుకు పెట్టాల్సింది అది కాదు. బంకులో "ఎంత కొట్టాలన్నా?" అని అడిగితే అలవాటుగా ముప్పై ఐదు అనేస్తాం, అలా అనే ముందు ఒక్కసారి ఆ స్టిక్కర్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

చల్లని టైరు అంటే ఎంత చల్లగా?

కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా మహా అయితే రెండు కిలోమీటర్లు మెల్లగా నడిచి ఉండాలి. మన ఎండాకాలంలో దీనికి ఇంకో షరతు కలుపుకోవాలి, టైరు మీద ఎండ పడకూడదు. ఇంటి ముందు కారు పెడితే తూర్పు వైపు రెండు టైర్లకు ఎండ తగిలి, అవతలి వైపు రెండూ నీడలో ఉంటే, గాలి సమానంగానే ఉన్నా గేజ్ తేడా చూపిస్తుంది. పొద్దు పొడవకముందు చూస్తే ఈ బాధ లేదు.

గేజ్‌లు ఎన్ని రకాలు? ఏది మంచిది?

మన షాపుల్లో దొరికేవి మూడు రకాలు: పెన్నులాగా ఉండి లోపలి నుంచి పట్టీ బయటికి వచ్చేది, గుండ్రటి డయల్ మీద ముల్లు తిరిగేది, డిజిటల్.

పెన్ను రకంలో ఒక స్ప్రింగు, ఒక పిస్టన్ తప్ప ఇంకేమీ ఉండవు. గాలి పిస్టన్‌ను తోస్తుంది, స్ప్రింగు అడ్డుకుంటుంది, రెండూ సమానమైన చోట పట్టీ ఆగుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, జేబులో పడుతుంది. కానీ లోపలికి దుమ్ము పోతే పిస్టన్ పట్టేసినట్టు కదులుతుంది, అప్పుడు ఒకసారి 30, ఇంకోసారి 33 చూపిస్తుంది. గ్రానైట్ లారీలు, బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద దుమ్ముకు కొదవ లేదు కాబట్టి దీన్ని డ్యాష్‌బోర్డులో ఊరికే పడేస్తే ఎక్కువ కాలం నిలవదు.

డయల్ రకంలో వంపు తిరిగిన సన్నటి లోహపు గొట్టం ఉంటుంది. లోపలికి గాలి వెళ్లగానే ఆ వంపు కొద్దిగా విచ్చుకోవాలని చూస్తుంది, ఆ కదలికను చిన్న పళ్లచక్రాలు ముల్లుకు అందిస్తాయి. ఫ్రాన్స్‌లో యూజీన్ బోర్డాన్ 1849లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది, దీన్ని బోర్డాన్ గొట్టం అనే అంటారు. ఇప్పటికీ ఫ్యాక్టరీ బాయిలర్ల మీద, వెల్డింగ్ గ్యాస్ సిలిండర్ల రెగ్యులేటర్ల మీద ఇదే పనిచేస్తోందంటే ఎంత నమ్మకమైనదో చూడండి. దీని శత్రువు ఒక్కటే, కింద పడటం. డయల్ చుట్టూ మందపాటి రబ్బరు తొడుగు, చిన్న పైపు, ఎక్కువైన గాలి వదిలే బటన్ ఉన్నది చూసి తీసుకోండి.

డిజిటల్‌లో ఒత్తిడికి వంగే చిన్న సెన్సర్ ఉంటుంది, అది వంగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది, లోపలి చిప్ దాన్ని అంకెగా మారుస్తుంది. చీకట్లో చదవడానికి, కళ్లజోడు లేకుండా చూడటానికి ఇదే సుఖం.

నన్ను ఒకటి చెప్పమంటే, ఇంట్లో ఉంచుకోవడానికి పేరున్న కంపెనీ డయల్ గేజ్. వయసు పైబడినవాళ్లకు, రాత్రిపూట చూసేవాళ్లకు డిజిటల్. పెన్ను రకం అత్యవసరానికి కారులో ఉంటే ఉండనివ్వండి.

డిజిటల్ 32.5 అని పాయింట్‌తో సహా చూపిస్తుంది. అదే కరెక్టు కదా?

కానక్కర్లేదు. పాయింట్ తర్వాత అంకె చూపించడం స్క్రీన్ పని, నిజం చెప్పడం సెన్సర్ పని. లోపలి సెన్సర్ రెండు పీఎస్‌ఐ ఎక్కువ చూపించే రకమైతే, అసలు గాలి 30.5 ఉన్నా స్క్రీన్ మీద ధీమాగా 32.5 అనే వస్తుంది. ముల్లు ఉన్న గేజ్ చూసినప్పుడు మనకే కొంచెం అటూ ఇటూ ఉండొచ్చులే అనిపిస్తుంది, స్క్రీన్ మీద అంకె చూడగానే ఆ అనుమానం పోతుంది. ఆ అనుమానం ఉండాలి. బ్యాటరీ తగ్గిపోయినా కొన్ని గేజ్‌లు తిక్క అంకెలు చూపిస్తాయి, స్క్రీన్ మసకబారిందంటే ముందు బ్యాటరీ మార్చండి.

డబ్బా మీద 2 శాతం తేడా ఉండొచ్చని రాసి ఉంది. అంటే ఎంత?

ఇది చాలామంది పొరపాటుగా అర్థం చేసుకునే విషయం. గేజ్‌ల మీద ఆ శాతం ఎక్కువగా పూర్తి స్కేల్‌కు లెక్కగట్టి ఇస్తారు, మీరు చూస్తున్న అంకెకు కాదు. 60 దాకా ఉన్న గేజ్‌కు 2 శాతం అంటే 1.2 పీఎస్‌ఐ. 100 దాకా ఉంటే 2 పీఎస్‌ఐ. 200 దాకా ఉన్నదైతే 4 పీఎస్‌ఐ, అంటే మీ టైరులో 33 ఉన్నప్పుడు అది 29 నుంచి 37 దాకా ఏది చూపించినా కంపెనీ మాట తప్పినట్టు కాదు!

పైగా ముల్లు గేజ్ మధ్యభాగంలో ఎక్కువ నిజం చెబుతుంది, రెండు చివర్లలో తక్కువ. మామూలు రకం గేజ్‌లకు మధ్యలో 2 శాతం, చివర్లలో 3 శాతం దాకా తేడాను అనుమతించే ప్రమాణాలున్నాయి. మన కార్లకు కావాల్సింది 30 నుంచి 35 చుట్టూ కాబట్టి, 60 దాకా ఉన్న డయల్ తీసుకుంటే ముల్లు సరిగ్గా నడుమ నిలబడుతుంది.

పరకాల, భూపాలపల్లి, రామగుండం వైపు హైవే పంక్చర్ షాపుల్లో ఉండే గేజ్‌లు చాలా వరకు లారీల కోసం పెట్టుకున్నవి. లారీ టైరుకు వంద, ఆ పైన గాలి కొడతారు కాబట్టి వాళ్లకు ఆ స్కేలే కావాలి, వాళ్ల పనికి అది సరైనదే. కారు టైరు దానితో చూస్తే మాత్రం ముల్లు మొదట్లోనే ఆగుతుంది, గీతకూ గీతకూ మధ్య ఐదో పదో ఉంటుంది. దారిలో పంక్చర్ పడి అక్కడ గాలి కొట్టించుకుంటే, ఇంటికొచ్చాక మర్నాడు మీ గేజ్‌తో తప్పకుండా చూడండి.

మరి స్టెప్నీ సంగతి?

మీ కారులో సన్నటి టెంపరరీ స్టెప్నీ ఉంటే దానికి సాధారణంగా 60 పీఎస్‌ఐ ఉండాలి, టైరు మీదే రాసి ఉంటుంది. 60 దాకా ఉన్న డయల్‌కు అది ఆఖరి గీత. ఆ ఒక్క టైరును బంకు మిషన్‌తో చూపించుకోండి, లేదా 100 దాకా చూపించే డిజిటల్ ఇంకోటి ఉంచుకోండి. అవసరం పడ్డ రోజున స్టెప్నీలోనే గాలి లేకపోతే ఏటూరునాగారం అడవి దారిలో రాత్రిపూట చేయగలిగింది ఏమీ ఉండదు, దాన్ని మర్చిపోకండి.

నా గేజ్ కరెక్టో కాదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

దీన్ని రెండు ప్రశ్నలుగా విడదీయాలి. ఒకే టైరుకు ప్రతిసారీ ఒకే అంకె చూపిస్తుందా అనేది ఒకటి. ఆ అంకె నిజమేనా అనేది రెండోది. మొదటిది మీరే తేల్చొచ్చు. చల్లని టైరుకు వెంటవెంటనే ఓ ఐదారుసార్లు పెట్టి చూడండి. సరిగ్గా పెట్టి తీస్తే పోయే గాలి చాలా తక్కువ, కారు టైరులో అది లెక్కకు రాదు. అన్నిసార్లూ అర పీఎస్‌ఐ అటూ ఇటూలో వస్తే ఆ గేజ్ పనికొస్తుంది. 31, 34, 32, 30 అని గెంతుతుంటే, దాని ఖరీదు ఎంతైనా సరే, పక్కన పెట్టేయండి. దాన్ని ఏం చేసినా నమ్మలేం.

రెండో ప్రశ్నకు వేరే గేజ్ సాయం కావాలి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు ఇంటి దగ్గరే ఒకసారి తూకం వేసుకుని వస్తాడు, మార్కెట్ కాటా ఎంత చూపిస్తుందో దానితో పోల్చుకుంటాడు, ఇదీ అలాంటిదే. మంచి టైర్ల షోరూములో, అలైన్‌మెంట్ చేసే చోట ఉన్న గేజ్‌తో ఒకే టైరును, ఒకే నిమిషంలో, వాళ్లదొకసారి మీదొకసారి పెట్టి చూడమనండి, మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. టైరు వేడిగా ఉన్నా పర్వాలేదు, ఇక్కడ మీకు కావాల్సింది రెండు గేజ్‌ల మధ్య తేడానే. ఇంకో రెండు చోట్ల ఇలాగే చూడండి. ఒకే కంపెనీ గేజ్‌లు రెండు ఒకే మాట చెప్పాయని సంబరపడొద్దు, రెండూ ఒకే రకంగా తప్పు చెబుతుండొచ్చు. వేర్వేరు రకాలవి మూడు దగ్గరగా వచ్చి మీది ఒక్కటే రెండు ఎక్కువ చూపిస్తే, మీది రెండు ఎక్కువ చూపిస్తున్నట్టే.

అయితే దాన్ని పారేయక్కర్లేదు. ఎప్పుడూ రెండే ఎక్కువ చూపించే గేజ్ మంచి గేజే. దాని వెనక చిన్న టేపు అంటించి "2 తీసేయాలి" అని, పక్కన తేదీ రాసుకోండి. ఎంత తేడా చూపిస్తుందో తెలిసిన మామూలు గేజ్, ఎప్పుడూ సరిచూడని ఖరీదైన గేజ్ కంటే ఎంతో నయం.

కచ్చితంగానే తేలాలంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న క్యాలిబ్రేషన్ ల్యాబులు, అంటే కొలత పరికరాలను సరిచూసే ల్యాబులున్నాయి. తెలిసిన బరువులను తెలిసిన వైశాల్యం ఉన్న పిస్టన్ మీద పెట్టి, ఆ ఒత్తిడితో గేజ్‌ను పోల్చి సర్టిఫికెట్ ఇస్తారు. సొంత కారుకు అంత అవసరం లేదు, ట్రావెల్స్ నడిపేవాళ్లు, స్కూల్ వ్యాన్లు చూసుకునేవాళ్లు ఒక గేజ్‌కు అలా చేయించి మిగతావన్నీ దానితో సరిచూసుకుంటే మంచిది.

ముల్లు సున్నా దగ్గరే ఉంది కాబట్టి గేజ్ బాగున్నట్టేనా?

కాదు. చాలా డయల్స్‌లో సున్నా దగ్గర చిన్న పిన్ను ఉంటుంది, ముల్లు దానికి ఆనుకుని ఆగుతుంది. లోపల గొట్టం వంపు మారి ముల్లు సున్నా కిందికి పోవాల్సి ఉన్నా, ఆ పిన్ను ఆపేస్తుంది కాబట్టి మనకు కనిపించదు. పిన్ను లేని గేజ్ దొరికితే అది మేలు, తేడా వస్తే వెంటనే తెలుస్తుంది. సున్నాకు పైన ఎక్కడో ఆగిపోయిన ముల్లుకైతే అనుమానమే అక్కర్లేదు, అది దెబ్బతిన్నది.

బంకులో 33 సెట్ చేస్తే బీప్ మని ఆగింది, పొద్దున చూస్తే 31. మోసమా?

మోసం అనుకోకండి. వేడి టైరులో 33 అంటే చల్లారాక 31, ఇంకా తక్కువ కూడా రావొచ్చు. మిషన్ తేడా ఎంత, వేడి తేడా ఎంత అనేది మీ గేజ్‌ను అక్కడే పెట్టి చూస్తే విడిపోతుంది.

హైదరాబాద్ నుంచి వస్తూ జనగామ దగ్గర ఆగి చూస్తే 38 ఉంది. గాలి తీసేయాలా?

వద్దు, దయచేసి తీయకండి. మే నెలలో చాలామంది చేసే పని ఇదే, ఇదే ప్రమాదం కూడా. నడుస్తున్న టైరు వేడెక్కి నాలుగైదు పీఎస్‌ఐ పెరగడం మామూలు, కంపెనీ ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే 33 అని ఇచ్చింది. అక్కడ 33కి దించితే రాత్రికి చల్లారేసరికి 28 దగ్గర ఉంటుంది. మర్నాడు ఆ తక్కువ గాలితో మళ్లీ ఎండలో హైవే ఎక్కితే టైరు పక్కలు ఎక్కువ వంగుతాయి, వంగినకొద్దీ వేడెక్కుతాయి, ఆ వేడికే టైరు పగులుతుంది. ఎండాకాలంలో గాలి తక్కువ పెట్టాలి అనే మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. తక్కువ గాలే టైరును ఎక్కువ వేడెక్కిస్తుంది.

సుమారుగా పది డిగ్రీల సెల్సియస్ మారితే ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుందని గుర్తుపెట్టుకోండి. మేలో తెల్లవారుజామున 30 డిగ్రీలప్పుడు 33 పెట్టిన టైరు, ఆదిలాబాద్ వైపు డిసెంబరులో 10 డిగ్రీల పొద్దున ఎక్కడా లీకు లేకపోయినా 30 దగ్గర చూపిస్తుంది. దీనికి తోడు ఏ టైరైనా నెలకు కొంచెం గాలి దానంతటదే వదులుతుంది. నెలకోసారి, చలి మొదలయ్యేటప్పుడు ఒకసారి, మేడారం జాతరకో పెళ్లికో కారు నిండా మనుషులతో బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

గేజ్ పెట్టగానే బుస్సుమంటుంది. రీడింగ్ తప్పొస్తుందా?

బుస్సుమన్నంతసేపూ తప్పే. వాల్వ్‌కు నిటారుగా, ఒక్క ఊపులో గట్టిగా నొక్కాలి, శబ్దం ఆగాక అంకె చదవాలి. పక్కకు వాలితే తక్కువ చూపిస్తుంది. రెండుమూడుసార్లు చూస్తే ఎక్కువ వచ్చిన అంకె సాధారణంగా నిజానికి దగ్గర. ఎప్పుడూ అలాగే అంటుంటే గేజ్ మూతిలో రబ్బరు వాషర్ అరిగింది. గేజ్ తీశాక కూడా సన్నగా శబ్దం వస్తే వాల్వ్ పిన్ను లీకు, కొంచెం సబ్బు నీళ్లు వేస్తే బుడగలొస్తాయి. మూత మళ్లీ బిగించండి, అది దుమ్మును ఆపుతుంది.

కారులోనే టీపీఎంఎస్ (టైరు గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు) ఉంది, ఇంకా గేజ్ కావాలా?

కావాలి. కొన్ని కార్లలో చక్రం లోపల సెన్సరే ఉండి అంకె చూపిస్తుంది, అది చాలా ఉపయోగం, దాన్ని మీ గేజ్‌తో ఒకసారి పోల్చి పెట్టుకోండి. కొన్నిటిలో సెన్సర్ ఉండదు, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ద్వారా చక్రం తిరిగే వేగం చూసి ఒక టైరు తగ్గిందని ఊహిస్తుంది. నాలుగూ సమానంగా తగ్గితే ఆ రకానికి తెలియకపోవచ్చు. పైగా లైటు వెలిగేసరికి గాలి బాగా తగ్గిపోయి ఉంటుంది.

కారు సాకెట్‌కు పెట్టుకునే చిన్న పంపులో ఉన్న గేజ్ చాలదా?

గాలి కొట్టడానికి పంపు వాడండి, అంకెకు గేజ్ వాడండి. పంపు నడుస్తున్నప్పుడు పైపులో ఒత్తిడి టైరు కంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి అది ఎక్కువే చూపిస్తుంది. ఆపి చూడాలి.

నైట్రోజన్ కొట్టిస్తే చూడక్కర్లేదట?

చూడాలి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి అదీ ఇంచుమించు అలాగే పెరుగుతుంది.

బార్, కేజీ, కేపీఏ అని ఉంటాయి, ఏమిటవి?

ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, 100 కేపీఏ కూడా అంతే. పాత మిషన్ల మీద కేజీ అని ఉండేది చదరపు సెంటీమీటరుకు కిలో, అది 14.2. కాబట్టి 33 పీఎస్‌ఐ అంటే బార్ చూసినా కేజీ చూసినా దాదాపు 2.3, కేపీఏలో దాదాపు 230.

రెండు పీఎస్‌ఐ తేడాకు ఇంత టెన్షన్ అవసరమా?

రెండుకు అవసరం లేదు. ఎడమ టైరు 33, కుడి టైరు 27 ఉండి, మీ గేజ్ మూడు ఎక్కువ చూపిస్తూ దాన్ని 30 అని దాచిపెడితే అవసరం. బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడం, టైరు రెండు అంచులూ అరిగిపోవడం, పెట్రోలు ఎక్కువ తాగడం అన్నీ అక్కడే మొదలవుతాయి. గాలి ఎక్కువైతే టైరు నడుమ అరుగుతుంది, వాన రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

గేజ్ ఎక్కడ పెట్టాలి? కింద పడితే?

ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వద్దు, డిజిటల్‌కైతే అసలే వద్దు. ఇంట్లో తాళాలు పెట్టే చోట ఉంటే పొద్దున గుర్తొస్తుంది, దుమ్ము పడకుండా చిన్న సంచిలో పెట్టండి. గట్టిగా కింద పడితే పగలకపోయినా నమ్మకండి, ముందు చెప్పినట్టు వేరే గేజ్‌తో పోల్చి, తేడా మారితే టేపు మీద కొత్త అంకె రాయండి. ఒకే టైరుకు రెండుసార్లు రెండు అంకెలు చూపించడం మొదలుపెడితే కొత్తది కొనండి.